రెండో బ్యాటరీ కొనేముందు మీటరు పట్టుకోండి

రాత్రిపూట పాట పెట్టుకుని వెళ్తుంటే బేస్ పడ్డప్పుడల్లా హెడ్‌లైట్లు ఒక్క క్షణం మసకబారతాయి. సబ్‌వూఫర్ (బేస్ మోగించే పెద్ద స్పీకర్), దాన్ని నడిపే యాంప్ (యాంప్లిఫయర్) బిగించుకున్నవాళ్లలో చాలామందికి ఇది అనుభవమే. ఎవరికైనా చెప్పామంటే వచ్చే మొదటి సలహా ఒకటే: "బ్యాటరీ సరిపోవట్లేదు, పక్కన ఇంకోటి వేయించు." అది కుదరదంటే రెండో సలహా: "అయితే కెపాసిటర్ పెట్టించు." కెపాసిటర్ అంటే కరెంటును క్షణకాలం దాచుకుని వదిలే పరికరం. ఈ రెండూ చాలా కార్లకు అనవసరం, కొన్ని కార్లకు నష్టం కూడా అన్నది నా వాదన. చాలా ఏళ్లుగా నా కార్లకూ స్నేహితుల కార్లకూ ఈ వైరింగ్ పని చేస్తూ వస్తున్నాను. లైట్లు మసకబారుతున్నాయని వచ్చిన బండ్లలో ఎక్కువ వాటికి బ్యాటరీ బాగానే ఉంది. తప్పు వైరులోనో, ఎర్త్‌లోనో (యాంప్ మైనస్‌ను కారు బాడీకి కలిపే చోటు), గెయిన్‌లోనో (యాంప్ మీది సర్దుబాటు మర), కొన్నిసార్లు ఆల్టర్నేటర్‌లోనో (ఇంజన్ తిప్పితే కరెంటు పుట్టించే యంత్రం) దొరికింది. వాటిని వదిలేసి బ్యాటరీ మీద డబ్బు పోస్తే సమస్య కొన్నాళ్లు కనపడకుండా పోతుంది, తర్వాత మళ్లీ వస్తుంది.

ఇంజన్ నడుస్తున్నప్పుడు యాంప్‌కి కరెంటు ఇస్తున్నది ఏది? బ్యాటరీయే అనుకుంటాం, ఎందుకంటే ఎర్ర కేబుల్ వెళ్లి తగిలేది దాని ప్లస్ టెర్మినల్‌కే. నిజానికి ఇచ్చేది ఆల్టర్నేటర్. మామూలు కారు బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి దాదాపు 2.1 వోల్టులు. అంటే నిండా చార్జ్ అయి ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజన్ స్టార్ట్ చేశాక అదే టెర్మినల్స్ మీద మల్టీమీటరు పెడితే 13.8 నుంచి 14.4 మధ్య కనిపిస్తుంది. ఆ పైన కనిపించేదంతా ఆల్టర్నేటర్ నెట్టుతున్నది. ఆల్టర్నేటర్ 14 వోల్టులు నిలబెట్టగలిగినంతసేపు బ్యాటరీ బయటికి ఏమీ ఇవ్వదు, తానే కాస్త కరెంటు లాక్కుంటుంది. వోల్టేజి 12.6 దగ్గరికి జారినప్పుడు మాత్రమే బ్యాటరీ రంగంలోకి దిగుతుంది.

అందుకే పాట నడుస్తుండగా వోల్టేజి 12 దగ్గర కూర్చుంటోందంటే, ఆల్టర్నేటర్ ఇచ్చేదానికంటే వాడకం ఎక్కువైందని అర్థం. మోటారు పోసే నీళ్లకంటే ఇంట్లో వాడకం ఎక్కువైతే డాబా మీద ఇంకో ట్యాంకు కట్టినా లాభం లేదు, ఖాళీ అవడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే. పైగా ఇప్పుడు అదే మోటారు రెండు ట్యాంకులు నింపాలి. రెండో బ్యాటరీ సరిగ్గా ఇదే చేస్తుంది. రాత్రి తాగేసిన కరెంటు పొద్దున తిరిగి కావాలంటుంది, అది ఇవ్వాల్సింది అప్పటికే అలసిపోయిన ఆల్టర్నేటరే.

ఆ ఆల్టర్నేటర్ ఎంత ఇస్తుందో కూడా చూడాలి. దాని మీద 90 ఆంపియర్లని రాసి ఉంటే, అది దాని షాఫ్ట్ నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పటి లెక్క. ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగేది 700, 800 చుట్లు. పుల్లీల వల్ల ఆల్టర్నేటర్ రెండున్నర, మూడు రెట్లు వేగంగా తిరిగినా 2000 చుట్టుపక్కలే ఉంటుంది. ఆ వేగంలో రాసినదాంట్లో సగం వస్తే గొప్ప. అది కూడా వేడెక్కాక ఇంకాస్త తగ్గుతుంది. ఆ సగంలోంచే హెడ్‌లైట్లకు, ఏసీ బ్లోయర్‌కి, రేడియేటర్ ఫ్యాన్‌కి, ఫ్యూయల్ పంపుకి, ఇంజన్ కంప్యూటర్‌కి పోవాలి. ఇవన్నీ పోగా ఎర్రలైటు దగ్గర యాంప్ కోసం మిగిలేది పది, పదిహేను ఆంపియర్లకు మించకపోవచ్చు. హైవే మీద బ్రహ్మాండంగా మోగిన సిస్టమ్ సిగ్నల్ దగ్గర డల్ అయిపోవడానికి కారణం ఇదే.

లైట్ల సంగతికి వస్తే, హాలోజన్ బల్బు వోల్టేజి మార్పును చాలా పెద్దది చేసి చూపిస్తుంది. దాని వెలుగు వోల్టేజికి సరిసమానంగా తగ్గదు, దాదాపు మూడున్నర ఘాతంలో తగ్గుతుంది. 14.2 వోల్టుల నుంచి 13కి పడితే వోల్టేజి తగ్గింది ఎనిమిది శాతమే, కానీ వెలుగు నాలుగో వంతు పోతుంది. కాబట్టి లైట్లు మినుకుమన్నంత మాత్రాన కొంప మునిగిపోయినట్టు కాదు. బేస్ నోటు ఒక్కసారిగా పడ్డప్పుడు ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ తేరుకోవడానికి సెకనులో కొంత భాగం పడుతుంది, ఆ సందులో వోల్టేజి జారి, బ్యాటరీ పట్టుకుంటుంది. క్షణకాలం 13కి దిగి మళ్లీ 14కి వస్తే అది రోగం కాదు. దిగి అక్కడే ఉండిపోతేనే ఆలోచించాలి. చూపుతో ఈ రెండింటికీ తేడా తెలియదు, మీటరు పెడితే తెలుస్తుంది.

ఇక యాంప్. దానికి అంత కరెంటు ఎందుకు?

డాష్‌బోర్డులోని స్టీరియో మీద "50 వాట్స్ ఇంటూ 4" అని రాసి ఉంటుంది. దానికి చేతికి దొరికేది 14.4 వోల్టులే. ఆ వోల్టేజిని రెండు వైపుల నుంచీ వాడుకునే బ్రిడ్జి పద్ధతిలో 4 ఓంల స్పీకర్‌కి తోసినా శుద్ధమైన స్వరంలో లెక్క ప్రకారమే 26 వాట్లు దాటదు, చేతికొచ్చేది ఇరవై చిల్లర. మిగతాది అలలు తెగిపోయి వచ్చే రొద. యాంప్ ఈ హద్దు దాటడానికే ఉంది. లోపల ఒక చిన్న పవర్ సప్లై 12 వోల్టులను వేగంగా ఆపి, వదిలి, గుండ్రటి ఫెరైట్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా పైకెత్తుతుంది. వోల్టేజి పెంచడం ఊరికే జరగదు, దానికి బదులుగా బ్యాటరీ వైపు నుంచి ఆంపియర్లు గుంజుతుంది.

లెక్క సులభం. 500 వాట్ల ఆర్‌ఎంఎస్ (నిలకడగా వచ్చే పవరు) ఇచ్చే క్లాస్ డి (తక్కువ వేడితో పని చేసే రకం) యాంప్ ఎనభై శాతం సామర్థ్యంతో పని చేస్తుందనుకుందాం. అది లోపలికి తీసుకునేది 625 వాట్లు, 13.8 వోల్టుల దగ్గర సుమారు 45 ఆంపియర్లు. అదే క్లాస్ ఏబీ అనే ఇంకో రకమైతే సామర్థ్యం యాభై, అరవై శాతమే, కరెంటు 60 పైకి పోతుంది, తేడా అంతా వేడిగా పోతుంది. అయితే ఇది ఆపకుండా ఒకే స్వరం మోగిస్తేనే. పాటలో గ్యాపులుంటాయి, ఎత్తుపల్లాలుంటాయి కాబట్టి సగటు వాడకం ఇందులో మూడో వంతు దగ్గర ఉంటుంది. బేస్ సాగదీసే పాటలైతే సగం దాకా పోతుంది. సబ్‌వూఫర్ కోసం క్లాస్ డి తప్ప ఇంకోటి తీసుకోవద్దని గట్టిగా చెప్తాను. ఆ తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఏబీకి క్లాస్ డికి తేడా కారులో వినపడదు, కరెంటు తేడా మాత్రం ప్రతి నిమిషం కనపడుతుంది.

డబ్బా మీద రాసే వాట్లను నమ్మకూడదని అందరూ చెప్తారు. ఎలా పరీక్షించాలో ఎవరూ చెప్పరు. యాంప్ మీద ఉండే ఫ్యూజులు చూడండి. "2000 వాట్స్" అని పెద్ద అక్షరాలతో రాసి, పక్కన రెండు 30 ఆంపియర్ల ఫ్యూజులే ఉన్నాయనుకోండి. మొత్తం 60 ఆంపియర్లు, 14.4 వోల్టులు, ఎనభై శాతం సామర్థ్యం: గుణిస్తే దాదాపు 690 వాట్లు. ఫ్యూజు ఒక్క క్షణం ఎక్కువ కరెంటును ఓర్చుకోవచ్చు గానీ, నిలకడగా 2000 వాట్లు ఆ ఫ్యూజుల గుండా రావడం అసాధ్యం. నిజాయితీగా కొలిచే పద్ధతి లేకపోలేదు. 2003లో సీఈఏ-2006 పేరుతో అమెరికాలో ఒక ప్రమాణం వచ్చింది, ఇప్పుడు దాన్ని సీటీఏ-2006 అంటారు. 14.4 వోల్టులు, 4 ఓంలు, ఒక శాతానికి మించని వక్రీకరణ, ఈ షరతుల మీద ఆర్‌ఎంఎస్ చెప్పాలి. కొనేటప్పుడు ఆ పేరు కోసం వెతకండి. అది లేకపోతే ఫ్యూజు లెక్కే మీ ప్రమాణం.

ఇంకా ముఖ్యమైన విషయం, అసలు అన్ని వాట్లు అవసరమా? వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. విని "ఆఁ, కాస్త పెరిగింది" అనుకునేంత. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల పవరు. 500 వాట్ల యాంప్ తీసేసి 1000 వాట్లది పెట్టి, దానికోసం మళ్లీ కేబుల్, బ్యాటరీ, ఆల్టర్నేటర్ అన్నీ మార్చి, చివరికి సాధించేది ఆ 3 డెసిబెల్స్. అదే 3 డెసిబెల్స్ ఎక్కువ సెన్సిటివిటీ (అంతే పవరుకి ఎక్కువ మోగే గుణం) ఉన్న సబ్‌వూఫర్ తీసుకున్నా, బాక్సును దానికి తగ్గ కొలతల్లో గాలి లీకులు లేకుండా కట్టించినా ఒక్క ఆంపియర్ అదనంగా ఖర్చు కాకుండా వస్తాయి. మంచి చెక్కపని యాంప్ మార్పుకంటే మేలని నా గట్టి నమ్మకం. దుకాణాల్లో ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ, ఎందుకంటే బాక్సు కొలతలకు ఓపిక కావాలి, యాంప్ మార్చడానికి అరగంట చాలు.

కెపాసిటర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అంకెలే చెప్తాయి. ఒక ఫారడ్ కెపాసిటర్ 14.4 వోల్టుల నుంచి 12.5కి దిగేలోపు ఇవ్వగలిగింది దాదాపు 26 జౌళ్లు. 1000 వాట్ల క్లాస్ డి యాంప్ సెకనుకు 1250 జౌళ్లు తింటుంది. అంటే ఆ కెపాసిటర్ సెకనులో యాభయ్యో వంతులో అయిపోతుంది. 40 హెర్ట్జ్ బేస్ నోటులో ఒక్క అల పూర్తవడానికి పట్టేది సెకనులో నలభయ్యో వంతు. ఒక్క అల కూడా పూర్తికాకముందే దాని సరుకు అయిపోయింది! తర్వాత దాన్ని నింపాల్సింది మళ్లీ అదే ఆల్టర్నేటర్. మామూలు 60 ఆంపియర్-అవర్ బ్యాటరీలో కాగితం మీద 26 లక్షల జౌళ్ల దాకా ఉంటాయి, లక్ష రెట్లు. బుల్లి బుల్లి ఎగుడుదిగుళ్లను సాపు చేయడానికి కెపాసిటర్ పనికొస్తుంది, డిజిటల్ మీటరుతో చూడటానికి బాగుంటుంది కూడా. కరువు తీర్చడం దాని వల్ల కాదు.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. వైరు, ఎర్త్.

స్నేహితుడి కారు ఒకటి చూడమన్నారు. యాంప్ పాట మధ్యలో ఆగిపోతోంది, ప్రొటెక్ట్ లైటు (యాంప్ తనను కాపాడుకోవడానికి ఆగిందని చెప్పేది) ఎర్రగా వెలుగుతోంది. అప్పటికే ఎవరో బ్యాటరీ మార్పించారు, ఫలితం లేదు. ఇంజన్ ఆన్ చేసి, ఎప్పుడూ వినే పాటే ఎప్పుడూ పెట్టే వాల్యూమ్‌లో పెట్టించి, ముందు బానెట్ కింద కొలిచాను. బ్యాటరీ దగ్గర బేస్ పడ్డప్పుడు 13.6. డిక్కీ తెరిచి యాంప్ టెర్మినల్స్ మీద కొలిస్తే 11.8. దారిలో 1.8 వోల్టులు ఎటో పోతున్నాయి. పొడవాటి వైరొకటి తీసుకుని మీటరు ఒక ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద, ఇంకోటి యాంప్ ప్లస్ మీద పెట్టాను. మధ్యలో ఫ్యూజు హోల్డర్‌తో కలిపి 0.6. తర్వాత బ్యాటరీ మైనస్‌కీ యాంప్ మైనస్‌కీ మధ్య: 1.2 వోల్టులు. దొంగ దొరికాడు.

ఎర్త్ వైరును పట్టుకుని వెళ్తే వెనక సీటు బోల్టు కింద తేలింది. బోల్టు బలంగానే బిగించి ఉంది, లాగితే కదలదు. విప్పి చూస్తే లగ్గు (వైరు చివరి రింగు) కింద ఫ్యాక్టరీ పెయింటు నిగనిగలాడుతోంది. కరెంటు వెళ్లేది కేవలం బోల్టు మరల గుండా. పక్కన ఉన్న దళసరి రేకు మీద ఒక రూపాయి బిళ్లంత మేర ఎమరీ పేపర్‌తో పెయింటు, ప్రైమరు పోయి వెండిలా తెల్లగా మెరిసేదాకా రుద్దాం. కొత్త బోల్టు, పళ్ల వాషరు, అర మీటరు కూడా లేని వైరు, బిగించాక తుప్పు పట్టకుండా పైన గ్రీజు. మళ్లీ కొలిస్తే ఆ 1.2 కాస్తా 0.1 అయింది. యాంప్ టెర్మినల్స్ మీద 12.9. ఆ కారులో యాంప్ మళ్లీ ఆగలేదు, హెడ్‌లైట్ల ఊగిసలాట కూడా చాలావరకు తగ్గింది. మార్చిన ఆ పాత బ్యాటరీలో ఏ దోషమూ లేదు.

ప్లస్ వైపు పోయిన వోల్టేజి కూడా వదలకూడనిదే. గేజ్ అంకె తగ్గేకొద్దీ కేబుల్ లావవుతుంది. 5 మీటర్ల 8 గేజ్ రాగి కేబుల్‌లో 100 ఆంపియర్లు పంపితే ఒక వోల్టు పైనే పోతుంది. 4 గేజ్ అయితే 0.4. జీరో గేజ్ అయితే 0.16. ఇది ప్లస్ దారి ఒక్కటే, తిరుగు దారి వేరు. ఇక్కడ ఒక మోసం గురించి చెప్పాలి. రెడీమేడ్ కిట్లలో వచ్చే చాలా కేబుళ్లు పైన రాగి పూత, లోపల అల్యూమినియం. చూడటానికి ఎర్రగా రాగిలాగే ఉంటుంది. చివర కోసి కత్తితో ఒక తీగను గీకితే తెల్లగా కనపడుతుంది, చేతిలో తేలిగ్గా ఉంటుంది. దాని వాహకత రాగిలో మూడింట రెండు వంతుల లోపే. లోపల ఏముందో తెలిసి, రెండు సైజులు పెద్దది వేసుకుంటే తప్పు లేదు. తెలియకుండా 4 గేజ్ రాగి అనుకుని వేసుకోవడమే ప్రమాదం. కొన్ని కేబుళ్లలోనైతే ప్లాస్టిక్ తొడుగే లావు, లోపల తీగ సన్నం. తొడుగు చూసి కొనకండి, తెగిన చివర చూసి కొనండి.

బానెట్ కింద ఉండే ఒరిజినల్ వైర్లను కూడా మరవద్దు. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ ప్లస్‌కి, బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, ఇంజన్ బ్లాకు నుంచి బాడీకి. ఈ మూడూ కంపెనీ వేసినప్పుడు యాంప్‌ని లెక్కలో పెట్టుకోలేదు. వాటికి జతగా లావు కేబుళ్లు వేయడాన్ని ఆడియో మనుషులు "బిగ్ త్రీ" అంటారు. ఆల్టర్నేటర్ వైపు వేసే కొత్త కేబుల్‌కి ఫ్యూజు మాత్రం మర్చిపోకండి. రెండో బ్యాటరీకంటే ముందు చేయాల్సిన పని ఇది. పాత కార్లలో ఇంజన్ ఎర్త్ పట్టీ తుప్పు పట్టి ఉంటే దీని ఫలితం ఇంకా బాగా కనపడుతుంది, సెల్ఫ్ కూడా చురుగ్గా తిరుగుతుంది.

కొత్త కార్లలో బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద చిన్న నల్లటి సెన్సర్ ఉంటే దాన్ని గౌరవించాలి. బ్యాటరీలోకి ఎంత వెళ్తోంది, ఎంత వస్తోంది అన్నది కారు దాని ద్వారానే లెక్క పెట్టుకుంటుంది. యాంప్ ఎర్త్‌ను నేరుగా మైనస్ పోస్టుకు బిగిస్తే ఆ కరెంటు లెక్కలోకి రాదు, కారు బ్యాటరీ స్థితిని తప్పుగా అంచనా వేస్తుంది. సెన్సర్‌కి అవతల, బాడీకే బిగించాలి. అలాంటి కార్లలో ఆల్టర్నేటర్ కూడా ఎప్పుడూ 14 దగ్గర ఉండదు. ఇంధనం ఆదా కోసం మామూలుగా వెళ్తున్నప్పుడు 12.5 దాకా దించుతుంది, బ్రేకు వేసినప్పుడు 15 దగ్గరికి పెంచుతుంది. ఒక్క రీడింగు చూసి ఆల్టర్నేటర్ పోయిందని తీర్పు చెప్పకూడదు.

ఫ్యూజు విషయంలో మాత్రం నేను ఎవరితోనూ రాజీ పడను. కారు బ్యాటరీ ప్లస్ పొరపాటున బాడీకి తగిలితే వెయ్యి ఆంపియర్లకు పైగా పారగలదు. ఆ కరెంటుకు కేబుల్ కొన్ని క్షణాల్లో ఎర్రగా కాలుతుంది, తొడుగు అంటుకుంటుంది, ఆ కేబుల్ వెళ్తున్నది కార్పెట్ కింద, మనం కూర్చునే సీటు పక్కనుంచి. అందుకే ఫ్యూజు బ్యాటరీ నుంచి ఒకటిన్నర అడుగుల లోపు ఉండాలి. యాంప్ పక్కన పెట్టిన ఫ్యూజు ఈ ప్రమాదాన్ని ఆపలేదు, ఎందుకంటే షార్ట్ అయ్యేది దానికంటే ముందే. మెయిన్ ఫ్యూజు కాపాడేది కేబుల్‌ని, యాంప్‌ని కాదు. కేబుల్ ఎంత మోయగలదో అంతకు మించని ఫ్యూజు వేయాలి. మాటిమాటికీ పోతోందని దాని చోట పెద్ద ఫ్యూజు వేసే మెకానిక్ దగ్గర బండి వదలకండి. ఇంజన్ గదికీ లోపలికీ మధ్య ఉండే రేకులో కేబుల్ దూరేచోట రబ్బరు గ్రామెట్ ఉందో లేదో మీ కళ్లతో మీరే చూసుకోండి. లేకపోతే రేకు అంచు రోజూ కొంచెం కొంచెంగా తొడుగును కోస్తూ ఉంటుంది.

ఇక గెయిన్. బ్యాటరీ గురించి రాస్తూ గెయిన్ దగ్గరికి ఎందుకొచ్చానంటే, కరెంటు కొరత అనుకుని నా దగ్గరికి తెచ్చిన సమస్యల్లో చాలా భాగం ఇక్కడే తేలాయి. యాంప్ మీద ఉండే ఆ చిన్న మరను వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేస్తారు. అది స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కి యాంప్‌ను సరిపెట్టడానికి ఉంది. స్టీరియో 4 వోల్టుల ప్రీఅవుట్ (యాంప్‌కి పంపే సిగ్నల్) ఇస్తుంటే గెయిన్ తక్కువ చాలు, 2 వోల్టులిస్తే కాస్త ఎక్కువ. దాటించి తిప్పితే అల పైభాగం, కిందిభాగం తెగిపోయి చదునవుతాయి. నున్నటి అలతో పోలిస్తే అదే ఎత్తున్న పూర్తి చదరపు అలలో పవరు రెట్టింపు. ఆ అదనమంతా ఆల్టర్నేటర్ నుంచే గుంజాలి, సబ్‌వూఫర్ కాయిల్‌లో వేడిగా మారాలి. లైట్లు మసకబారడం, కాయిల్ కాలిన వాసన, రెండూ ఒకేసారి వస్తే బ్యాటరీని అనుమానించకండి, గెయిన్ చూడండి.

సెట్ చేయడానికి మీటరు ఉంటే చాలు. యాంప్ ఆర్‌ఎంఎస్ వాట్లను స్పీకర్ ఓంలతో గుణించి వర్గమూలం తీయండి. 500 వాట్లు, 2 ఓంలు అయితే 31.6 వోల్టులు. సబ్‌వూఫర్ వైర్లు విప్పేసి, బేస్ బూస్ట్, ఈక్వలైజర్ అన్నీ సున్నా చేసి, స్టీరియో వాల్యూమ్ మూడొంతులకు పెట్టి, 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ మోగిస్తూ యాంప్ అవుట్‌పుట్ మీద ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టేజి ఆ అంకెకు వచ్చేదాకా గెయిన్ మెల్లగా తిప్పండి. అక్కడ ఆపండి. డబ్బా మీది వాట్లు నమ్మదగ్గవి కాకపోతే ఫ్యూజు లెక్కలో వచ్చిన వాట్లు వాడండి. ఆసిలోస్కోప్ ఉన్నవాళ్లు ఇంకా కచ్చితంగా చేయగలరు, కానీ ఈ పద్ధతితోనే తొంభై పాళ్లు పని అయిపోతుంది.

ఇంత చెప్పాక రెండో బ్యాటరీ ఎప్పుడూ వద్దంటానా అంటే, లేదు. ఇంజన్ ఆపి గంటల తరబడి పాటలు వినేవాళ్లకు అది న్యాయంగా అవసరం. అప్పుడు ఆల్టర్నేటర్ లేనే లేదు, ఉన్నదంతా నిల్వే. బ్యాటరీ మీద 60 ఆంపియర్-అవర్ అని ఉంటే అది 20 గంటలపాటు 3 ఆంపియర్ల చొప్పున తీస్తే వచ్చే లెక్క. 20 ఆంపియర్ల చొప్పున తీస్తే మూడు గంటలు రాదు. కరెంటు ఎంత వేగంగా గుంజితే చేతికొచ్చే మొత్తం అంత తగ్గుతుందని 1897లోనే పాయికర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త తేల్చాడు. పైగా సగానికి మించి ఖాళీ చేస్తే ప్లేట్లు పాడవుతాయి, సెల్ఫ్ కొట్టడానికి మిగలాలి. అన్నీ పోగా గంటకు అటూఇటూగా తేలుతుంది. ఇలాంటివాళ్లకు డిక్కీలో వేరే బ్యాటరీ, దాన్నీ ముందు బ్యాటరీనీ కలిపే ఐసోలేటర్ రిలే కావాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు రిలే రెండిటినీ కలుపుతుంది, ఆపాక విడదీస్తుంది. వెనకది ఎంత ఖాళీ అయినా పొద్దున్నే బండి స్టార్ట్ అవుతుంది.

అలా వేసేటప్పుడు రెండు బ్యాటరీల మధ్య కేబుల్‌కి రెండు చివర్లా ఫ్యూజులుండాలి. ఇప్పుడు కరెంటు రెండు వైపుల నుంచీ రాగలదు కాబట్టి ఒక ఫ్యూజు సగం కాపలాయే. మనుషులు కూర్చునే చోట, డిక్కీలో, నీళ్లు పోసే రకం బ్యాటరీ పెట్టొద్దు, చార్జ్ అయ్యేటప్పుడు దాంట్లోంచి హైడ్రోజన్ వస్తుంది. సీలు చేసిన ఏజీఎం రకం బ్యాటరీ పెట్టి, గట్టిగా క్లాంపు వేయాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తేలిగ్గా ఉంటుంది, లోడు మీద వోల్టేజి బాగా నిలబెడుతుంది. కానీ లెడ్ బ్యాటరీతో నేరుగా జతకట్టకూడదు. దాని విశ్రాంతి వోల్టేజి ఎక్కువ, అందువల్ల పక్కదాన్ని నింపుతూ కూర్చుంటుంది. ఖాళీ అయినప్పుడు అది గుంజే కరెంటుకు చిన్న ఆల్టర్నేటర్ మాడిపోవచ్చు. మధ్యలో డీసీ-డీసీ చార్జర్ (వోల్టేజినీ కరెంటునీ అదుపులో పెట్టి నింపేది) ఉంటేనే ఆ పని పెట్టుకోండి.

మీ కారుకి ఏది అవసరమో తేల్చే పరీక్ష ఇది. మీటరు ప్రోబ్స్ బ్యాటరీ టెర్మినల్స్ మీద పెట్టండి. ఆరుబయట, ఇంజన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచి, హెడ్‌లైట్లు, ఏసీ ఆన్ చేసి, మీరు నిజంగా వినే పాటలే వినే వాల్యూమ్‌లో పది నిమిషాలు మోగించండి. బేస్ మీద కిందకి జారినా మళ్లీ 13.5 పైకి వస్తుంటే మీకు బ్యాటరీ అక్కర్లేదు, ఆల్టర్నేటర్ అక్కర్లేదు. అయినా లైట్లు మసకబారుతుంటే డిక్కీ తెరిచి యాంప్ దగ్గర కొలవండి, వైరో ఎర్తో దొరుకుతుంది. బ్యాటరీ దగ్గరే 12.5కి వచ్చి, నిమిషం నిమిషానికీ ఇంకా దిగుతూ పోతుంటే యాక్సిలరేటర్ నొక్కి ఇంజన్ 2000 చుట్ల దగ్గర పట్టండి. అప్పుడు 14కి ఎగబాకితే ఆల్టర్నేటర్ మంచిదే, ఐడిల్‌లో చాలట్లేదు. అప్పటికీ ఎక్కకపోతే బెల్టు జారుతోందేమో, ఆల్టర్నేటర్ అరిగిందేమో ముందు చూపించుకోండి. పెద్ద ఆల్టర్నేటర్ కొనాల్సి వస్తే అమ్మేవాళ్లను దాని మీద రాసిన పెద్ద అంకె అడగొద్దు, వేడెక్కాక ఐడిల్‌లో ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో అడగండి.